గురుదక్షిణ అడగని గురువులు
(పాతతరం మహా క్రీడాకారుల పుస్తకాలతో చదరంగం నేర్చుకునే తీరు)



మన వార్షికోత్సవ ఆటల పోటీల్లో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ అన్నీ అయ్యాక చివర్న మిగిలే ఆట చదరంగం. కబడ్డీకి కూత ఉంటుంది, వాలీబాల్‌కు చప్పట్లు ఉంటాయి. చదరంగానికి ఏమీ ఉండవు. ఇద్దరు ఒక మూలన తల వంచుకొని కూర్చుంటారు, అంతే. అయినా పాఠశాల క్రీడల్లో మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి పంపే ఆటల్లో ఇదీ ఒకటి. దీనికి మైదానం అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు, మంచి ఒడ్డూ పొడుగూ అక్కర్లేదు. ట్రంకు పెట్టె మూత మీద సుద్దముక్కతో 64 గళ్లు గీసుకున్నా ఆట మొదలవుతుంది.

కాని ఈ ఆట కాస్త వచ్చిన ప్రతి విద్యార్థీ ఒక ప్రశ్న అడుగుతాడు: "అన్నా, కోచ్ లేకుండా ఇంతకన్నా ముందుకు పోవచ్చా?"

ఇది ఊరికే కొట్టిపారేసే ప్రశ్న కాదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వచ్చిన మన ఇళ్ల పరిస్థితి మనకు తెలుసు. ఒకరి తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు, ఒకరి తల్లి బీడీలు చేస్తుంది, ఒకరి ఇంట్లో మరమగ్గం నడిస్తేనే పొయ్యి వెలుగుతుంది. నెలనెలా ఫీజు కట్టి చదరంగం నేర్పించమని వాళ్లను అడగలేం. అందుకే ఫీజు అడగని గురువుల గురించి ఈ వ్యాసం. ఏకలవ్యుడి కథ మనందరికీ తెలిసిందే. గురువు దగ్గరికి రానివ్వకపోతే మట్టిబొమ్మ పెట్టుకొని విద్య నేర్చాడు, చివరికి బొటనవేలు ఇవ్వాల్సి వచ్చింది. పుస్తకం అనే గురువు మన కులం అడగడు, ఊరు అడగడు, బొటనవేలు అసలే అడగడు. కాని ఒకటి మాత్రం అడుగుతాడు. అదేమిటో ముందుకు పోతే తెలుస్తుంది.

పుస్తకాలు పట్టుకొని ఎదిగినవారు

అమెరికాకు చెందిన బాబీ ఫిషర్ 1972లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1949లో, ఆరేళ్ల వయసులో, అక్క కొనితెచ్చిన చదరంగం పెట్టెలోని నియమాల కాగితం చదివి ఆట మొదలుపెట్టాడు. తల్లి ఒక్కతే సంపాదించి పిల్లలను సాకిన ఇల్లు అది. తర్వాత దొరికిన పుస్తకమల్లా చదివాడు. ఆ రోజుల్లో మంచి చదరంగం రష్యన్ భాషలో ఎక్కువగా అచ్చయ్యేది. అందుకని ఆ పత్రికలు అర్థం చేసుకునేంత రష్యన్ కూడా నేర్చుకున్నాడు. ఇంగ్లీషు పుస్తకం చూడగానే భయపడే మనం ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చదరంగం పుస్తకం చదవడానికి కావలసిన భాష చాలా తక్కువ. వంద, నూటయాభై మాటలు వస్తే సగం పుస్తకం తెరుచుకుంటుంది.

మన విశ్వనాథన్ ఆనంద్‌కు ఆట నేర్పింది తల్లి సుశీల. తండ్రి ఉద్యోగరీత్యా ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో ఉన్నప్పుడు, అక్కడి టీవీలో మధ్యాహ్నం పూట చదరంగం కార్యక్రమం వచ్చేది. ఆనంద్ బడిలో ఉండే సమయం అది. తల్లి ఆ రోజు ఇచ్చిన లెక్కను కాగితం మీద రాసి పెట్టేది. సాయంత్రం ఇద్దరూ కూర్చొని విప్పి జవాబు పంపేవారు. గెలిచినవారికి బహుమతి ఒక పుస్తకం. ఎన్నిసార్లు గెలిచాడంటే, కావలసిన పుస్తకాలన్నీ తీసుకుపో, ఇక జవాబులు మాత్రం పంపకు అన్నారట. 1988లో ఆయన భారతదేశపు తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు.

పుస్తకం అందకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. పంజాబ్ పల్లెలో పుట్టిన మీర్ సుల్తాన్ ఖాన్ మొదట నేర్చుకున్నది దేశీ పద్ధతి. అందులో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక గడే నడుస్తుంది. మన ఊళ్ల అరుగుల మీద పెద్దవాళ్లు ఆడే ఆటను పోలినదే అది. 1929లో ఒక జమీందారు పరివారంతో ఇంగ్లండు వెళ్లి అదే ఏడాది బ్రిటిష్ చాంపియన్ అయ్యాడు. 1932, 1933లలో మళ్లీ గెలిచాడు. హేస్టింగ్స్‌లో జరిగిన 1930-31 పోటీలో మాజీ ప్రపంచ చాంపియన్ కాపాబ్లాంకానే ఓడించాడు. అంతటివాడికి కూడా ఆట ఆరంభం బలహీనంగా ఉండేది. ఎదుటివారు పుస్తకాల నుంచి చిన్ననాటి నుంచే నేర్చుకున్నదాన్ని అతను బల్ల దగ్గర కూర్చున్నాక సొంతంగా కనిపెట్టుకోవాల్సి వచ్చేది. ప్రతిభ ఉన్నవాడికీ పుస్తకం ఎంత పని మిగులుస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. ప్రపంచ చదరంగ సమాఖ్య 2024లో అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదు ప్రకటించింది.

మన తెలుగువారి సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి తండ్రి అశోక్ గురువు. గుంటూరు హరికృష్ణకు తాతగారు ఆట నేర్పారు. 2003లో వరంగల్‌లో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు రేటింగ్ జాబితాలో 2801 పాయింట్లకు చేరాడు. ఆనంద్ తర్వాత ఆ మెట్టెక్కిన రెండో భారతీయుడు అతనే. వీరందరి వెనుకా ఇంటివాళ్ల అండ, శిక్షకుల శ్రమ ఉన్నాయి. కాబట్టి ఒక్క పుస్తకం చదివితే గ్రాండ్‌మాస్టర్ అయిపోతామని ఎవరూ అనుకోవద్దు. కాని ఆట రాని స్థితి నుంచి జిల్లా జట్టు దాకా ఉన్న దారిని పుస్తకంతోనే నడవవచ్చు. ఆ దారి తెలిసినవాడికి తర్వాత కోచ్ దొరికితే, ఆ కోచ్ శ్రమ వృథా పోదు.

ఏ పుస్తకం ముందు?

ఆట నియమాలు మాత్రమే తెలిసినవారు 1966లో వచ్చిన 'బాబీ ఫిషర్ టీచెస్ చెస్'తో మొదలుపెట్టవచ్చు. ఇందులో చదవాల్సిన ఇంగ్లీషు చాలా తక్కువ, బొమ్మలు ఎక్కువ. ప్రశ్న ఒక పేజీలో, జవాబు పేజీ తిప్పితే ఉంటుంది. చివరి వరుసలో చిక్కుకున్న రాజుకు మాట్ ఎలా కట్టాలో మెట్టు మెట్టుగా నేర్పుతుంది.

రెండోది కాపాబ్లాంకా రాసిన 'చెస్ ఫండమెంటల్స్'. క్యూబా దేశస్థుడైన కాపాబ్లాంకా 1921లో హవానాలో ఇమాన్యుయేల్ లాస్కర్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. పుస్తకం వచ్చింది కూడా అదే ఏడాది. ఆయన మొదటి పాఠం ఆట ఆరంభం గురించి కాదు. ముగింపు గురించి. ఒంటరి రాజుకు ఏనుగుతో మాట్ ఎలా కట్టాలి, ఒక్క బంటును మంత్రిగా ఎలా చేయాలి, ఇవీ మొదటి పేజీలు. పావులు నాలుగైదే ఉన్నప్పుడు ఒక్కొక్క పావు బలం స్పష్టంగా కనిపిస్తుంది. అది తెలిశాక 32 పావుల గుంపులో కూడా కన్ను తడబడదు.

ఈ పుస్తకంలో ఇంకో గొప్ప గుణం ఉంది. కాపాబ్లాంకా తాను ఓడిన ఆటలను కూడా పాఠాలుగా పెట్టాడు. 1911లో సాన్ సెబాస్టియన్ పోటీలో రూబిన్‌స్టీన్ చేతిలో ఓడిన ఆట వాటిలో ఒకటి. ఆ పోటీలో మొదటి బహుమతి కాపాబ్లాంకాదే. అయినా ఓడిన ఆటను దాచుకోలేదు. ఈ పుస్తకానికి కాపీరైటు గడువు తీరిపోయింది. కనుక ఇంటర్నెట్ నుంచి ఉచితంగా దించుకొని అచ్చు తీసుకోవచ్చు. హాస్టల్‌కు ఒక ప్రతి ఉంటే చాలు.

మూడోది లాస్కర్ రాసిన 'మాన్యువల్ ఆఫ్ చెస్'. 1894 నుంచి 1921 దాకా 27 ఏళ్లు ప్రపంచ చాంపియన్‌గా ఉన్న ఈయన గణిత శాస్త్రవేత్త కూడా. ఆ తర్వాతే నిమ్జోవిచ్ 1925లో వెలువరించిన 'మై సిస్టమ్'. ముందుకు దూసుకొచ్చే బంటును ఎలా అడ్డగించాలి, ఏడో వరుసలోకి చేరిన ఏనుగు ఎంత పని చేస్తుంది వంటివి ఇందులో నేర్చుకోవచ్చు. ఇది మొదటి పుస్తకంగా పనికిరాదు. పై రెండూ పూర్తయ్యాకే తెరవండి.

పాత పుస్తకాల లెక్క చదవడం

పుస్తకం తెరవగానే భయపెట్టేది అక్షరాలు, అంకెలు. నిజానికి అది ఒక గంట పని. నేటి పద్ధతిలో తెల్లపావుల వైపు కూర్చుంటే ఎడమ నుంచి నిలువు వరుసలకు ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అని పేర్లు. అడ్డవరుసలకు కింది నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు. తెల్ల రాజు మొదట ఉండే గడి ఇ1. రాజు ముందరి బంటు రెండు గళ్లు నడిస్తే ఇ4. పావులకు ఇంగ్లీషు పేర్లలోని మొదటి అక్షరాలు వాడతారు. రాజుకు కె, మంత్రికి క్యు, ఏనుగుకు ఆర్, ఒంటెకు బి. గుర్రానికి మాత్రం ఎన్, ఎందుకంటే కె అప్పటికే రాజుకు పోయింది. మన దగ్గర ఒంటె అనేదాన్నే కొందరు శకటు అంటారు.

పాత ముద్రణల్లో ఇంకో పద్ధతి కనిపిస్తుంది. అందులో నిలువు వరుసకు మొదట అక్కడ నిలిచిన పావు పేరు పెడతారు. ఎవరి లెక్క వారి వైపు నుంచి మొదలవుతుంది. అందువల్ల 'పి-కె4' అని తెల్లవాడు రాస్తే అది ఇ4, నల్లవాడు రాస్తే ఇ5. ఇది తెలియక చాలామంది పాత పుస్తకం తప్పుల తడక అనుకొని మూసేస్తారు. పాత పుస్తకాల్లో గుర్రానికి 'కెటి' అని ఉంటే కంగారుపడవద్దు.

ఈ రాత నేర్చుకోవడం వల్ల మరో లాభం ఉంది. పెద్ద పోటీల్లో మన ఎత్తులను మనమే కాగితం మీద రాయాలి. రాయడం వచ్చినవాడు ఓడిన ఆటను హాస్టల్‌కు మోసుకొచ్చి మళ్లీ చూసుకోగలడు. రాయనివాడికి ఓటమి బాధ మిగులుతుంది, పాఠం మిగలదు.

జవాబు మీద కాగితం

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పుస్తకం గురువు అడిగేది ఇదే: జవాబు చూడకముందు నీ జవాబు రాయి.

చాలామంది పుస్తకాన్ని కథలాగా చదువుతారు. తెల్లవాడు ఇది ఆడాడు, నల్లవాడు అది ఆడాడు, బాగుంది అనుకుంటూ పేజీలు తిప్పుతారు. పది ఆటలు అలా చూసినా మర్నాడు ఒక్కటీ గుర్తుండదు. సరైన పద్ధతి వేరు. బల్ల మీద పావులు పేర్చాలి. పేజీ మీద ఒక కాగితం కప్పాలి. గెలిచినవాడి వైపు కూర్చొని, ప్రతి ఎత్తుకూ ముందు ఐదు నిమిషాలు ఆలోచించి, మన ఎత్తును నోటుబుక్కులో రాయాలి. ఎందుకో ఒక వాక్యం కూడా రాయాలి. ఆ తర్వాతే కాగితాన్ని ఒక గీత కిందికి జరపాలి. మన ఎత్తూ ఆయన ఎత్తూ ఒకటే అయితే సంతోషం. వేరైతే పాఠం అక్కడే ఉంది. మన ఎత్తు ఆడితే ఎదుటివాడు ఏం చేసేవాడో బల్ల మీద ఆడి చూడాలి.

ఒక చిన్న ఉదాహరణ చేద్దాం. ట్రంకు పెట్టె మీదే పేర్చండి. తెల్ల రాజు ఇ5, తెల్ల బంటు ఇ6. నల్ల రాజు ఇ7. ఇంకేమీ లేవు. తెల్లవాడు రాజును డి5కు జరిపాడు. ఇప్పుడు నల్ల రాజు పోగలిగిన గళ్లు నాలుగు: డి8, ఇ8, ఎఫ్8, ఎఫ్6. ఒక్క గడిలోకి పోతే ఆట డ్రా. మిగతా మూడింటిలో దేనిలోకి పోయినా ఓటమి. కింది పేరా మీద కాగితం కప్పి, మీ జవాబు రాయండి.

జవాబు ఇ8, అంటే తిన్నగా వెనక్కి. ఇప్పుడు తెల్ల రాజు డి6కు వస్తే నల్ల రాజు డి8కు వచ్చి ఎదురుగా నిలుస్తుంది. బంటు ఇ7కు చెక్ ఇస్తూ వస్తుంది, నల్ల రాజు ఇ8కు చేరుతుంది. బంటును కాపాడాలంటే తెల్ల రాజు ఇ6కు రాక తప్పదు. వచ్చిందా, నల్ల రాజుకు చెక్ లేదు, కదలడానికి గడీ లేదు. ఆట డ్రా. అదే మొదట్లో డి8కు పోయి ఉంటే? తెల్ల రాజు డి6కు వస్తుంది. ఈసారి రాజులు ఎదురెదురుగా ఉండగా కదలాల్సిన వంతు నల్లవాడిది. అతను ఇ8కు పోతాడు, బంటు ఇ7కు చెక్ లేకుండా వస్తుంది. నల్ల రాజు ఎఫ్7కు తప్పుకోవాలి, తెల్ల రాజు డి7కు చేరుతుంది, బంటు మంత్రి అవుతుంది. మిగతా రెండు గళ్లను మీరే ఆడి చూడండి.

ఒక్క అడుగు తేడా. ఇలాంటి చోట బంటు ఏడో వరుసలోకి చెక్ ఇస్తూ వస్తే డ్రా, చెక్ లేకుండా వస్తే గెలుపు. అంచున ఉండే ఎ, హెచ్ వరుసల బంట్లకు లెక్క వేరు, అది పుస్తకంలో చూడండి. ఈ ఒక్క సంగతి తెలియక ఎన్నో పోటీల్లో అర పాయింటు పోతుంది. జట్టులోకి ఎవరు వెళ్లాలో ఆ అర పాయింటే తేల్చిన సందర్భాలు ఉంటాయి.

లాస్కర్ చెప్పిన 200 గంటలు

ఎంతకాలం పడుతుంది అంటే లాస్కర్ లెక్కగట్టి చెప్పాడు. కొత్తగా నేర్చుకునేవాడికి మొత్తం 200 గంటలు. నియమాలకు 5, తేలిక ముగింపులకు 5, కొన్ని ఆరంభాలకు 10, పావులు కలిసి చేసే ఎత్తుగడలకు 20, స్థితిని తూచి ఆడడానికి 40. మిగిలిన 120 గంటలు ఆడడానికి, ఆడినదాన్ని విడమర్చి చూసుకోవడానికి. సగానికి మించిన కాలం బల్ల దగ్గరే గడవాలన్నమాట. ఆరంభాలకు ఆయన ఇచ్చింది 10 గంటలే. మనవాళ్లు తలకిందులుగా చేస్తారు. ఆరంభపు ఎత్తులు పదిహేను బట్టీపట్టి, పదహారో ఎత్తులో ఏం చేయాలో తెలియక నిలబడిపోతారు.

హాస్టల్ లెక్కకు మార్చుకుందాం. సోమవారం నుంచి శనివారం దాకా రోజూ అరగంట, ఆదివారం రెండు గంటలు. వారానికి 5 గంటలు. 40 వారాల్లో 200 గంటలు పూర్తి. అంటే దాదాపు ఒక విద్యా సంవత్సరం. స్టడీ అవర్ నుంచి ఒక్క నిమిషం కూడా తీయవద్దు. సాయంత్రం ఆటల సమయం నుంచే తీసుకోవాలి. పదో తరగతి వారు ఈ పని పరీక్షల తర్వాత మొదలుపెడితే మంచిది.

ఇద్దరు కలిసి చదివితే ఇంకా మేలు. ఒకరు పుస్తకం పట్టుకొని జవాబు దాచాలి, మరొకరు ఆలోచించాలి. మర్నాడు వంతు మారాలి. నాలుగు నెలల్లో చిన్న తరగతి పిల్లవాడికి మీరే పాఠం చెప్పగలుగుతారు. చెప్పేటప్పుడే మనకు ఎంత వచ్చిందో, ఎంత రాలేదో తేలుతుంది.

కొన్ని జాగ్రత్తలు

పాత పుస్తకంలోని ప్రతి మాటా వేదం కాదు. నేటి కంప్యూటర్లు ఆ మహామహుల విశ్లేషణల్లో కూడా లోపాలు చూపించాయి. దానివల్ల పుస్తకం విలువ తగ్గదు. కంప్యూటరు ఏ ఎత్తు మంచిదో చెబుతుంది. ఎందుకు మంచిదో మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పేది గురువే. సెలవుల్లో ఇంట్లో ఫోన్ దొరికితే మీ ఆటను కంప్యూటరుతో సరిచూసుకోండి. కాని ముందు మీ జవాబు రాసుకున్నాకే చూడండి. కాగితం కప్పే నియమం అక్కడా వర్తిస్తుంది.

ఒక పుస్తకం పూర్తికాకుండా రెండోది ముట్టవద్దు. పది పుస్తకాల్లో పది పేజీల చొప్పున చదివినవాడి కంటే, కాపాబ్లాంకా ఒక్కడిని చివరిదాకా చదివినవాడు పోటీలో గట్టిగా నిలుస్తాడు. పావును ముట్టుకుంటే ఆడాల్సిందే అనే నియమాన్ని హాస్టల్ ఆటల్లో కూడా పాటించండి. ఇక్కడ ఎత్తు వెనక్కి తీసుకునే అలవాటు పడితే అక్కడ దెబ్బతింటారు.

చివరి మాట

ఈ ఆట వల్ల ఉద్యోగం వస్తుందా అని ఇంట్లో అడుగుతారు. అందరికీ రాదు, ఆ మాట దాచనక్కర్లేదు. కాని జవాబు మీద కాగితం కప్పి ముందు తానే ఆలోచించే అలవాటు లెక్కల పుస్తకానికీ పనికొస్తుంది, భౌతికశాస్త్రానికీ పనికొస్తుంది, రేపు రాయబోయే ఏ పోటీ పరీక్షకైనా పనికొస్తుంది. ట్యూషన్ లేని మనకు గైడులోని జవాబు ముందే చూసే అలవాటు ఎంత నష్టం చేస్తున్నదో మీకు తెలుసు.

పాత విద్యార్థి మిత్రులకు ఒక మనవి. ఈ ఏడాది వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు శాలువాలు, పూలదండలు మానుకుందాం. ఒక్కొక్కరం ఒక చదరంగం బల్లో, ఒక పుస్తకమో తెద్దాం. నలుగురం కలిస్తే హాస్టల్ గ్రంథాలయంలో ఒక అర నిండుతుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఒక నోటుబుక్కు సిద్ధం చేసుకోండి. మొదటి పేజీలో ఆ నల్ల రాజు నిలిచిన నాలుగు గళ్ల లెక్క రాసి, నాలుగింటికీ జవాబులు పూర్తి చేయండి. వచ్చే ఆదివారం నుంచి రెండో పేజీ మొదలుపెట్టవచ్చు.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

— ఒక పూర్వ విద్యార్థి